పెంకుటింటి అటుకను గదిగా మారుస్తుంటే ఇనుప బీములు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న పెట్టినవారి ఇల్లు విశాఖ వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గరి సందులో తాతగారి నాటి పెంకుటిల్లు. లోపలి కొలత 18 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు. గోడలు సున్నంతో కట్టిన పదిహేను అంగుళాల ఇటుక గోడలు. పొడవుకు సరిగ్గా మధ్యలో ఒక అడ్డగోడ అటుక ఎత్తు వరకు ఉంది. నేల నుంచి అటుక చెక్క పైకి 14 అడుగులు. చెక్క మీద నుంచి పక్కగోడ తలకు 3 అడుగులు, వెన్నుదూలం కిందికి 9 అడుగులు. అటుకను పడకగదిగా మార్చాలి. మేస్త్రి చెప్పిన ప్లాను ఏమిటంటే, అటుక మీద అడ్డంగా ఆరడుగులకొకటి చొప్పున మూడు 250 ఐ-బీములు (ఈ అంకె బీము లోతు, మిల్లీమీటర్లలో), వాటి మీద డెక్ షీటు (కాంక్రీటు పోయడానికి పరిచే మడతల ఇనుప రేకు), కాంక్రీటు, టైల్స్. "అలా చేస్తే తల తగులుతుందేమో, బీము ఎక్కడ పెడితే ఎత్తు మిగులుతుంది?" అని అడిగారు. ఇంగ్లండ్‌లో లాఫ్ట్ కన్వర్షన్, అంటే అటుకను గదిగా మార్చే పని చేసే వీడియోలు చూసి, అలాగే చేయొచ్చా, ఖర్చు ఎంతవుతుంది అని కూడా అడిగారు. ఇంటి ఫోటో కూడా పెట్టారు.

తల తగులుతుందేమో కాదు, కచ్చితంగా తగులుతుంది. ఎంత తగులుతుందో ముందు లెక్క చూడండి.

మీ కప్పు గోడ తల నుంచి వెన్ను వరకు 9 అడుగుల దూరంలో 6 అడుగులు లేస్తోంది. అంటే గోడ నుంచి లోపలికి ఒక అడుగు జరిగితే ఎత్తు 8 అంగుళాలు పెరుగుతుంది. ఇప్పుడున్న అటుక చెక్క మీద నిలబడితే, 7 అడుగుల ఎత్తు దొరికేది గోడకు 6 అడుగుల అవతల. రెండు వైపులా అంతే కాబట్టి మధ్యలో 6 అడుగుల పట్టీలోనే హాయిగా నడవగలరు. ఇక మేస్త్రి ప్లాను: బీము 10 అంగుళాలు, డెక్ మీద కాంక్రీటు 4, టైల్సూ దాని కింది మాలూ 2. మొత్తం 16 అంగుళాలు నేల పైకి లేస్తుంది. అప్పుడు 7 అడుగుల ఎత్తు ఉండే పట్టీ రెండే అడుగులు. పద్దెనిమిది అడుగుల గదిలో రెండడుగుల నడవా! అది గది కాదు, సామాన్లు పెట్టుకునే అటుకే, కాకపోతే ఖరీదైన అటుక.

ఈ లెక్కలో గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటుంది. మీ కప్పు వాలుకు నేల ఒక్క అంగుళం లేస్తే నిలబడగలిగే వెడల్పు మూడు అంగుళాలు పోతుంది, రెండు వైపులా ఒకటిన్నర చొప్పున. దించితే అంతే వెడల్పు తిరిగి వస్తుంది. వాలు కప్పు కింద బీము లోతు గురించి ఇంత పట్టుదల ఎందుకంటే ఇందుకే. సమతలం శ్లాబు కింద రెండంగుళాలు పోతే రెండంగుళాలే పోతాయి. ఇక్కడ అలా కాదు.

ఇప్పుడు ఇంగ్లండ్ వీడియోల సంగతి. వాళ్ల కష్టం వేరు. కింది గది ఎత్తు వాళ్లకు సాధారణంగా ఎనిమిదడుగులకు అటూ ఇటూ, దాన్ని తగ్గించే వీలుండదు. అందుకే ఉన్న సీలింగు చెక్కల పక్కనే, పక్కింటి ఉమ్మడి గోడ నుంచి ఇవతలి గోడ వరకు ఇనుప బీము వేసి, కొత్త చెక్కలను బీము మీద కాకుండా దాని పొట్టలోకి, అంటే పై అంచుకూ కింది అంచుకూ మధ్య ఖాళీలోకి దూర్చి బిగిస్తారు. మెట్ల దగ్గర కూడా ఎత్తు చాలక, అక్కడి నిబంధనలే లాఫ్టుకు సడలింపు ఇస్తాయి: మామూలుగా 2 మీటర్లు ఉండాల్సిన చోట మెట్టు మధ్యలో 1.9, వాలు వైపు అంచున 1.8 మీటర్లు ఉన్నా ఒప్పుకుంటాయి. ఆ బీము పొట్టలో దూర్చే పద్ధతి మనం తీసుకుందాం. ఆ సడలింపు మాత్రం మనకు లేదు, మీకు అవసరమూ లేదు. ఎందుకంటే వాళ్ల దగ్గర లేనిది మీ దగ్గర ఒకటుంది, కింద 14 అడుగుల ఎత్తు. ఆ కాలంలో గాలి కోసం అంత ఎత్తు కట్టారు. పై గదికి కావాల్సిన ఎత్తును కప్పు దగ్గర వెతక్కండి, కింది నుంచి తీసుకోండి.

అంటే కొత్త నేల అటుక మీద కాదు, అటుక కింద వేయాలి. రెండున్నర అడుగులు దించండి. కొత్త నేల మట్టం 11½ అడుగులు. దాని కింద బీము, సీలింగు కలిపి అడుగు మందం అనుకున్నా కింది గదికి పదిన్నర అడుగుల ఎత్తు మిగులుతుంది. ఈరోజు కట్టే ఏ ఫ్లాటులోనూ అంత ఉండదు. పైన చూస్తే గోడ దగ్గర 5½ అడుగులు, వెన్ను కింద 11½. ఏడడుగుల పట్టీ 6 నుంచి 13½ అడుగులకు పెరుగుతుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం వాలు కప్పు ఉన్న నివాస గదికి సగటు ఎత్తు 2.75 మీటర్లు, బీము కింద గానీ చూరు దగ్గర గానీ కనీసం 2.4 మీటర్లు ఉండాలి. 2.4 మీటర్లంటే 7 అడుగుల 10½ అంగుళాలు. అది మీకు గోడ నుంచి మూడున్నర అడుగులు దాటగానే దొరుకుతుంది. ఆ గీత దగ్గర అటూ ఇటూ అల్మారా తలుపులు పెట్టేస్తే మధ్యలో 11 అడుగుల గది, సగటు ఎత్తు తొమ్మిదిన్నర అడుగుల పైమాటే. నిబంధన రెండు విధాలా సరిపోయింది. ఆ మూడున్నర అడుగుల గీత గుర్తుంచుకోండి, బీములు పెట్టేటప్పుడు మళ్లీ అక్కడికే వస్తాం.

బీము లోతు గురించి చాలామంది పొరపడే విషయం ఒకటి. మీ మేస్త్రి 250 చెప్పడం తప్పేమీ కాదు. ఆయన వేయాలనుకుంటున్న కాంక్రీటు నేలకు, 18 అడుగుల దూరానికి, 200 బీము చాలదు. నేను లెక్క వేసి చూశాను, ఆ బరువుకు 250 పడుతుంది. కానీ ఆ బరువు ఎందుకు? 18 × 24 అంటే 40 చదరపు మీటర్లు. డెక్ షీటు మీద నాలుగంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు సుమారు 240 కిలోలు. అంటే ఆ పాత సున్నపు గోడల మీద దాదాపు పది టన్నుల కాంక్రీటు ఎక్కిస్తున్నారు. దాన్ని మోయడానికి లోతైన బీము, ఆ లోతు వల్ల ఎత్తు పోవడం, ఆ ఎత్తు కోసం మనం బాధపడటం. నేల తేలిక చేస్తే ఈ గొలుసు మొదట్లోనే తెగిపోతుంది. 18 మిల్లీమీటర్ల సిమెంటు ఫైబర్ బోర్డు, దాని మీద వినైల్ లేదా పలుచని చెక్క ఫ్లోరింగు వేయండి. టైల్సే కావాలంటే బాత్రూమ్ వరకే ఉంచుకోండి. బాత్రూమ్ కూడా పైన వద్దనే నా సలహా. నీళ్ల పైపుల వాలు కోసం మళ్లీ ఆరంగుళాలు నేల లేపాల్సి వస్తుంది.

తేలిక నేలకు బరువు లెక్క ఇలా ఉంటుంది. బోర్డు, చిన్న చానళ్లు (సి ఆకారపు ఇనుప పట్టీలు), కింది సీలింగు కలిపి చదరపు మీటరుకు 100 కిలోలు. పార్టిషన్లకు 50. మనుషులు, మంచాలకు ఇళ్లకు కోడ్ చెప్పే 200. మొత్తం 350. కొంచెం పట్టు కోసం 375 అనుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న, బీము ఎటు పరవాలి? మేస్త్రి 18 అడుగుల వైపు పరిచాడు, ఎందుకంటే పాత అటుక దూలాలు అటే ఉన్నాయి. కానీ మీకు మధ్యలో అడ్డగోడ ఉంది. పొడవు వైపు పరిస్తే, ఒక చివర త్రికోణపు గోడ (కప్పు వాలు వెంట త్రికోణంగా లేచే చివరి గోడ), రెండో చివర అడ్డగోడ, మధ్య దూరం 12 అడుగుల లోపే. దూరం 18 నుంచి 12కు తగ్గితే వంపు మూడింట రెండు వంతులకు తగ్గుతుందనుకుంటారు కొందరు. కాదు, బీము కిందికి సాగే కొలత దూరానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. అడుగుకు అదే బరువుకు, అదే బీముకు, సాగుడు అయిదో వంతుకు పడిపోతుంది. అందుకే 18 అడుగులకు 200 బీము కావాల్సిన చోట 12 అడుగులకు 150, లేదా 175 సరిపోతుంది. ఎక్కువ ఇనుము కొనకుండా, కేవలం దిశ మార్చి సంపాదించిన ఎత్తు ఇది.

పొడవు వైపు మూడు వరుసలు వేయండి. సమాన దూరంలో కాదు. గోడ నుంచి మూడున్నర అడుగుల దగ్గర ఒకటి, నడిమధ్యన ఒకటి, అవతలి గోడకు మూడున్నర అడుగుల ఇవతల ఒకటి. సమానంగా వేస్తేనే బలం అనే నమ్మకం మేస్త్రుల్లో గట్టిగా ఉంటుంది, కాబట్టి ముందే బొమ్మ గీసి ఇవ్వండి. అసమానంగా ఎందుకంటే, ఆ మూడున్నర అడుగుల గీత మీద అల్మారా ముందు పలక వస్తుంది. అక్కడ ఎవరూ నడవరు. కాబట్టి అక్కడి బీము నేల మట్టానికి పైకి మూడు నాలుగు అంగుళాలు పొడుచుకొచ్చినా అల్మారా అడుగు గట్టులో కలిసిపోతుంది. పక్క వరుసలకు లోతైన 175 గానీ 200 గానీ వేయండి, నేల చానళ్లను దాని కింది సగంలో బిగించండి. మధ్య వరుస మాత్రం జనం నడిచే చోటు, అక్కడ 150 వేసి నేలకు సమంగా ఉంచండి. నా చేతి లెక్కకు 150 బలానికి సరిపోతోంది, కానీ నడిస్తే కొంచెం ఊగినట్టు అనిపించే అవకాశం ఉంది. మీ ఇంజనీరు 175 అంటే వాదించకండి, ఆ అంగుళాన్ని కింది గది వైపు దించుకోండి, అక్కడ ఎత్తుకు కొదవ లేదు.

పక్క వరుసలకు ఇంకో ఉపయోగం ఉంది. వాటి మీద నిలువు గొట్టాలు నిలబెట్టి వాసాలకు మధ్యలో ఆనింపు ఇవ్వొచ్చు. వంద ఏళ్లకు దగ్గరపడ్డ వాసాలకు అది పెద్ద ఊరట. అందుకే పక్క బీములు నేల బరువుతో పాటు కప్పు బరువులో కొంత కూడా మోస్తాయి, వాటికి 175 కంటే తక్కువ వద్దు.

నేల చానళ్లు బీముల మధ్య, రెండడుగులకొకటి, పై అంచుల కింద పొట్టలోకి వచ్చేలా ఉండాలి. 75 చానల్ చాలు. బీము మీద చానల్ పరిచి వెల్డింగ్ చేయడం తేలిక కాబట్టి ఫాబ్రికేటర్ అలాగే చేస్తానంటాడు. అలా చేస్తే మూడంగుళాలు పోతాయి, అంటే మీ లెక్కలో తొమ్మిది అంగుళాల వెడల్పు. పొట్టలో పెట్టాలంటే ప్రతి చానల్ చివర గాటు కోయాలి, యాంగిల్ క్లీటు (ఎల్ ఆకారపు చిన్న ఇనుప ముక్క) పెట్టాలి, కొంచెం ఎక్కువ పని. ఆ ఎక్కువ కూలీ ఇచ్చేయండి, ఈ మొత్తం పనిలో డబ్బుకు తగ్గ ఫలితం కనిపించే చోటు అదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇప్పుడున్న అటుక దూలాలు సామాన్లు మోయడమే కాదు, రెండు పొడవాటి గోడలను ఒకదానికొకటి పట్టి ఉంచుతున్నాయి. మనం కొత్త బీములను పొడవు వైపు తిప్పేశాం కాబట్టి ఆ పట్టు పోతుంది. దాన్ని నేల చానళ్లతో తిరిగి తేవాలి. ఆ గోడ నుంచి ఈ గోడ వరకు ఒకే వరుసలో వచ్చేలా చానళ్లు పెట్టి, చివరలు గోడలోకి యాంకర్లతో దిగగొట్టాలి, లేదా గోడ వెంట ఒక యాంగిల్ పట్టీ బోల్టులతో బిగించి దానికి కలపాలి. ఇది వదిలేస్తే అయిదున్నర అడుగుల గోడ పైభాగం ఆధారం లేకుండా నిలబడి, కప్పు నెట్టుడుకు మెల్లగా బయటికి వాలుతుంది. మొదట పగులు గోడ మీద కనిపించదు, వెన్ను పెంకుల దగ్గర కనిపిస్తుంది.

దీనికి సంబంధించిందే అడ్డదూలాల సంగతి. మీరు ప్రశ్నలో చెప్పలేదు గానీ ఫోటోలో కనిపిస్తున్నాయి, గోడ తల మట్టంలో రెండు అడ్డదూలాలు, వాటి మీద నిలువు గుంజలు, గుంజల మీద వెన్నుదూలం. కొత్త నేల మీద నిలబడితే అవి అయిదున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి, సరిగ్గా నుదుటికి. అందరికీ వచ్చే మొదటి ఆలోచన వాటిని కోసేయడం. ఏమీ పెట్టకుండా కోస్తే రెండు పనులు జరుగుతాయి: వెన్నుదూలానికి కింద ఆసరా పోతుంది, వాసాలు కాళ్లు చాపి గోడలను బయటికి నెడతాయి. కాబట్టి ముందు వెన్ను కింద ఇనుప బీము రావాలి. వాసాల పైకొసలు దాన్ని పట్టుకొని వేలాడితే గోడల మీద నెట్టుడు ఉండదు, కిందికి బరువు మాత్రమే ఉంటుంది.

ఆ వెన్ను బీము విషయంలో లోతు గురించి అసలు పిసినారితనం వద్దు. ఇంగ్లండ్ వాళ్లు దాన్ని వాసాల మధ్యలోకి ఎక్కించడానికి నానా తంటాలు పడతారు, వాళ్లకు వెన్ను కింద ఉన్నదే ఏడడుగులు. మీకు పదకొండున్నర ఉంది. పది అంగుళాల బీము పెట్టినా పదిన్నర పైనే మిగులుతుంది. త్రికోణపు గోడ నుంచి త్రికోణపు గోడకు 24 అడుగులు, మధ్యలో స్తంభం లేకుండా వేయాలంటే 225 గానీ 250 గానీ కావాలి. మీ మేస్త్రి చెప్పిన 250 బీము నిజంగా పనికొచ్చే చోటు అది. పైన రెండు గదులు చేసుకుంటే మాత్రం, అడ్డగోడ మీద పార్టిషన్ లోపల ఒక స్తంభం దాచి, 150 బీములు రెండు ముక్కలు వేసుకోవచ్చు, ఎక్కించడం సులువు. సీలింగ్ ఫ్యాను కూడా ఆ బీముకే. ఇంగ్లండ్ వీడియోల్లో ఎవరూ ఫ్యాను లెక్క చెప్పరు. విశాఖలో పెంకు కింద పడుకోవాలంటే ఫ్యాను లేని గది గదే కాదు. రెక్కలు నేల నుంచి ఎనిమిదడుగులకు పైన, వాలు పలకకు రెండు వైపులా తగలకుండా ఉండాలంటే నడుమ వెన్ను కింద తప్ప ఇంకెక్కడా కుదరదు.

కప్పు కిందికి దిగకుండా కట్టడమే కాదు, పైకి లేవకుండా కట్టడం కూడా చూసుకోండి. విశాఖ గాలి వేగం కోడ్ ప్రకారం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటింది, ఆ రోజు పెంకులు, రేకులు ఎటు పోయాయో వన్‌టౌన్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. వాసం పైకొస ఇనుప బీముకు, కిందికొస గోడ తల చెక్కకు, ఆ చెక్క గోడలోకి దిగిన బోల్టుకు పట్టీలతో కలవాలి. మేకులు సరిపోవు. ఈ పట్టీలకు ఎత్తు ఏమీ ఖర్చు కాదు.

ఎత్తు ఖర్చయ్యేది వాలు పలక దగ్గర. వేడి ఆపడానికి వేసే షీటు వాసాల కింద వేస్తే రెండంగుళాలు పోతాయి. వాసాల మధ్య ఖాళీలో, పెంకుకు కింద గాలి ఆడే సందు వదిలి, షీటు దూర్చండి. కింద పన్నెండు మిల్లీమీటర్ల జిప్సం బోర్డు ఒక్కటే కనపడాలి.

బీము చివరలు గోడలో ఎలా కూర్చుంటాయనేది పేపరు మీద చిన్న విషయం, సైట్లో పెద్ద విషయం. 12 అడుగుల బీము ఒక్కో చివర సుమారు టన్నున్నర దించుతుంది. బీము అడుగు వెడల్పు మూడున్నర అంగుళాలు, గోడలోకి తొమ్మిది అంగుళాలు పోతే, ఆ బరువు చదరపు సెంటీమీటరుకు ఏడు కిలోలకు పైగా పడుతుంది. సున్నపు ఇటుక దాన్ని మోయదు, పొడి రాలుతుంది. నేనైతే ఇలాంటి గోడ మీద రెండు కిలోలు దాటనివ్వను. కింద 18 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందంతో కాంక్రీటు బెడ్ బ్లాకు పోస్తే ఒకటిన్నరకు దిగుతుంది. అడ్డగోడ దగ్గర రెండు వైపుల బీములూ ఒకే చోట దిగుతాయి కాబట్టి విడివిడి బ్లాకులు వద్దు. అడ్డగోడను కొత్త బీముల అడుగు కంటే బెడ్ బీము మందమంత కిందికి దించేసి, దాని తల మీద గోడ పొడవునా ఒక బెడ్ బీము పోసి, బీములను దాని మీద కూర్చోబెట్టండి. కిటికీల పైన, వెంటిలేటర్ల పైన బీము చివర పడకూడదు.

బీము గోడల మధ్య దూరం కంటే పొడవు, మరి లోపలికి ఎలా పోతుందని మీ మేస్త్రి అడగొచ్చు. అడ్డగోడను దించేశాం కాబట్టి, బీమును ముందు దాని తల మీదుగా అవతలికి జరిపి, తర్వాత ఇవతలి కొసను త్రికోణపు గోడ రంధ్రంలోకి తొయ్యడమే. ఇక్కడ కూడా చిన్న ముక్కల లాభం తెలుస్తుంది. 150 బీము పదమూడున్నర అడుగుల ముక్క అరవై కిలోలు, ఇద్దరు ముగ్గురు భుజాన వేసుకుని మీ సందులోకి తెస్తారు. 250 బీము ఇరవై అడుగులంటే 225 కిలోలు. దాన్ని ఆ మలుపుల్లో తిప్పి పద్నాలుగు అడుగుల పైకి ఎక్కించడం నా మాట వినండి, వద్దు. వెన్నుకు 250 వేసుకుంటే మాత్రం రెండు ముక్కలుగా తెచ్చి, పైన బోల్టు అతుకు వేయించండి. అతుకు నడిమధ్యన కాకుండా మూడో వంతు దగ్గర రావాలి, రంధ్రాలు ఆటోనగర్ షెడ్డులోనే వేయించి తేవాలి. సైట్లో గ్యాస్ కట్టర్‌తో రంధ్రాలు పెట్టనివ్వకండి.

మెట్లు ఎక్కడ వస్తాయో బీముల కంటే ముందే తేల్చుకోవాలి. ఎత్తు 138 అంగుళాలు, మెట్టు ఏడుంపావు చొప్పున పంతొమ్మిది మెట్లు. నెత్తి మీద 2.2 మీటర్లు ఉండాలంటే నేలలో తెరుపు పదకొండు అడుగుల పొడవు కావాలి. బీములు అడ్డంగా ఉంటే ఆ తెరుపులో కనీసం ఒక బీము కోయాల్సి వచ్చేది. పొడవు వైపు ఉన్నాయి కాబట్టి మధ్య వరుసకూ పక్క వరుసకూ మధ్య ఉన్న అయిదున్నర అడుగుల ఖాళీలో మూడడుగుల మెట్లు ఒక్క బీమునూ ముట్టుకోకుండా పైకి వస్తాయి. పైకి తేలేచోట ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తు ఉంటుంది. గది లోపలి పొడవు చాలదు కాబట్టి కింద ఏడో ఎనిమిదో మెట్టు దగ్గర ఒక మలుపు పెట్టుకోండి.

నేల దించే వీలు లేనివాళ్లు, అంటే కింద పదడుగులే ఉన్నవాళ్లు, ఇది చదువుతుంటే వాళ్లకు రెండు మాటలు. ఒకటి, బీమును పాత దూలం మీద కాకుండా దూలానికి రెండు పక్కలా పెట్టండి. ఎనిమిదంగుళాల టేకు దూలానికి అటొకటి ఇటొకటి 200 చానల్ బోల్టులతో బిగిస్తే 18 అడుగులకు కూడా తేలిక నేల మోస్తాయి, ఒక్క అంగుళం ఎత్తు పోదు. రెండు, మామూలు ఐ-బీముకు బదులు వెడల్పు అంచుల బీము అడగండి. 160 లోతున్న బరువైన వెడల్పు బీము, 200 మామూలు బీము కంటే గట్టిది. మీటరుకు 25 కిలోలకు బదులు 42 కిలోలు తూగుతుంది, నాలుగు సెంటీమీటర్లకు అంత ఖర్చు పెట్టాలా అన్నది మీ ఇష్టం. వాలు కప్పు కింద అయితే పెట్టమనే అంటాను.

తుప్పు గురించి క్లుప్తంగా: హార్బర్ గాలిలో రెడ్ ఆక్సైడ్ ఒక పూత వేసి వదిలేసిన బీము లోపల్లోపలే పొట్టు రాలుతుంది. జింక్ ఎపాక్సీ ప్రైమర్, దాని మీద ఎపాక్సీ రెండు పూతలు, అన్నీ షెడ్డులోనే. గోడలోకి పోయే తొమ్మిదంగుళాలకు ఇంకో పూత ఎక్కువ, ఎందుకంటే దాన్ని మళ్లీ ఎవరూ చూడలేరు. వెల్డింగ్ చేసిన చోట పూత కాలిపోతుంది, రుద్ది మళ్లీ వేయాలి.

పని వరుసలో మీకు ఒక అదృష్టం ఉంది. కొత్త నేల పాత అటుకకు రెండున్నర అడుగుల కింద వస్తోంది కాబట్టి పాత అటుకను ముందే విప్పక్కర్లేదు. కింద కొత్త బీములు, చానళ్లు, గోడ యాంకర్లు అన్నీ బిగిసేదాకా పాత దూలాలు గోడలను పట్టుకునే ఉంటాయి. ఆ తర్వాత వెన్ను బీము, దానికి వాసాలు కట్టడం. అది అయ్యాకే అడ్డదూలాలు, చిట్టచివర అటుక దూలాలు. విప్పిన టేకు చెక్క అమ్మేయకండి, అల్మారా తలుపులకు దానికి మించింది దొరకదు.

ఖర్చు అడిగారు కదా, ఇనుము బరువు మీద చెబుతాను, రేటు మీరు వేసుకోండి. మేస్త్రి ప్లానులో మూడు బీములు కలిపి 670 కిలోలు, ఆ పైన డెక్ షీటు, పది టన్నుల కాంక్రీటు. నేను చెప్పినదాంట్లో నేల బీములు, చానళ్లు, స్తంభంతో వెన్ను బీము కలిపి టన్ను పైన పడుతుంది. ఇనుము ఎక్కువే, కాంక్రీటు లేదు. క్లీట్ల కూలీ కూడా ఎక్కువే.

ఈ సైజులన్నీ మీరిచ్చిన కొలతల మీద వేసిన మొదటి అంచనాలు. స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఎలాగూ చూపించాలి, ఆయన ఇల్లు చూసి తేల్చినవే అసలు సైజులు. ఆయన వచ్చేలోపు మీరు చూసి ఉంచాల్సినవి రెండున్నాయి. అడ్డగోడ పక్కన ఒక చిన్న గొయ్యి తవ్వించి పునాది ఎంత వెడల్పు, ఎంత లోతు ఉందో చూడండి. ఇప్పటిదాకా ఆ గోడ మోసింది తక్కువ, ఇకపై కొత్త నేలలో సగం బరువు దాని మీదే. రెండోది, త్రికోణపు గోడల్లో వెంటిలేటర్ల అడుగు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. అవి 10 నుంచి 12 అడుగుల మధ్య ఉంటే బీము చివరలు సరిగ్గా వాటిలో పడతాయి, అప్పుడు మూడున్నర అడుగుల గీతను కొంచెం జరపాలో, వెంటిలేటర్ మూసేయాలో తేల్చుకోవాలి. ఆ కొలతలు పెట్టండి, బీము గీతలు మళ్లీ సరిచూద్దాం.